రుచి ఎవరి సొత్తు?

1

మొన్న సంక్రాంతి సెలవుల్లో వినుకొండలో మా మిత్రుడొకాయన ముగ్గురు అధ్యాపకులనూ, ఒక దంతవైద్యుణ్నీ, ఒక మిరపకాయల వ్యాపారినీ తన యింటికి పిలిచాడు. విస్కీ తాగడానికి కాదట, విస్కీ రుచి చూడడానికట. ఈ రెంటికీ తేడా వుందని ఆయన గడపలోనే చెప్పాడు. అమెరికానుంచి వచ్చిన బావమరిది, సుంకం లేకుండా తేదగ్గ రెండు లీటర్లూ తెచ్చాడు. మిగతావి ఆయనే అక్కడా ఇక్కడా సంపాదించాడు.

ఏర్పాట్లు మా కాలేజీ ప్రయోగశాలలో కూడా అంత శ్రద్ధగా జరగవు. రంగు తెలియడానికి బల్లమీద తెల్లకాగితం పరిచాడు. వాసన చెదిరిపోకుండా అడుగు వెడల్పుగా, మూతి సన్నగా వుండే గ్లాసులు పెట్టాడు. ఒక్కొక్క దానిలో అరపెగ్గు మాత్రమే. పక్కన మంచినీళ్లు, చప్పటి బిస్కట్లు. ముందు తేలికైన స్కాచ్, తర్వాత అమెరికా బోర్బన్, తర్వాత బెంగుళూరులో తయారైన సింగిల్ మాల్ట్, ఆఖరున స్కాట్లండులోని ఐలా దీవినుంచి వచ్చిన పొగవాసన మాల్ట్. ఘాటైనదాన్ని ముందు తాగితే నాలుక మొద్దుబారి తేలికైనవాటి గుణం తెలియదు గనక ఈ వరస. మొదట చూడాలి, తర్వాత వాసన చూడాలి, చుక్క నోట్లో వేసుకుని కాసేపు నిలపాలి, రెండు బొట్లు నీళ్లు కలిపి మళ్లీ వాసన చూడాలి, వెనక్కు వెళ్లి మొదటిదానితో పోల్చాలి. రెండు గంటల్లో మనిషికి రెండు పెగ్గులకు మించలేదు. ఎవరూ తూలలేదు, ఎవరూ అరవలేదు.

ఎగతాళి చేద్దామనే మనసుతో నేను వెళ్లినమాట దాచను. కాని గంట గడిచేసరికి ఎగతాళి మానుకోవలసి వచ్చింది. నాలుగు గ్లాసుల్లో వున్నవి నిజంగానే నాలుగు వేరువేరు పదార్థాలు. మొక్కజొన్న ప్రధానంగా చేసి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో నిలవవుంచిన బోర్బన్‌లో బెల్లప్పాకం, ఎండుకొబ్బరి స్ఫురించాయి. ఐలా మాల్టును ముక్కు దగ్గర పెట్టుకోగానే ఆసుపత్రి వరండాలో చలిమంట వేసినట్టనిపించింది. ఇవి ఎవరో కల్పించిన ఉపమానాలు కావు, పదార్థంలో వున్న గుణాలు. వాటిని పట్టుకోవడానికి కావలసిందల్లా పక్కపక్కన పెట్టుకుని పోల్చుకునే వీలు. ఒక్కటే గ్లాసు చేతికిచ్చి చెప్పమంటే మాలో ఒక్కరూ ఏమీ చెప్పగలిగేవాళ్లం కాదు.

అంతా సవ్యంగా నడుస్తుండగా మిత్రునికి మరొక ఆలోచన వచ్చింది. వీధి చివరి దుకాణంనుంచి అన్నిటికంటె చవక క్వార్టరు తెప్పించి, ఎవరికీ చెప్పకుండా ఐదో గ్లాసులో పోశాడు. సీసామీద దాని పేరు కూడా విస్కీయే. అది వెంటనే దొరికిపోయింది. వాసనలో ధాన్యం లేదు, చెక్క లేదు. స్పిరిటు ఘాటు, దానిమీద తీపి అత్తరు చల్లినట్టు ఒక కృత్రిమ పరిమళం. నాలుకమీద నిలుపుదామంటే నాలుకే ఒప్పుకోలేదు.

"ఇది తాగేవాళ్లకు నాలుకేం వుంటుందండీ? మత్తెక్కితే చాలు" అన్నాడు వ్యాపారి.

అందరూ నవ్వారు. వంటింట్లో పకోడీలు వేయిస్తున్న మిత్రుని భార్య నవ్వలేదు. ఆమెను రుచి చూడమని ఎవరూ అడగనూ లేదు. నేను నవ్వాను.

ఈ వ్యాసం ఆ మాటమీద, నా నవ్వుమీద.

2

మా నాన్న హమాలీ. మిరపకాయల సీజనులో గుంటూరు యార్డుకు వెళ్లి టిక్కీలు మోసేవాడు. మిగతా రోజుల్లో వినుకొండలో ఏ బరువు దొరికితే ఆ బరువు మోసేవాడు. చదువు లేదు. కాని టిక్కీలోంచి ఒక కాయ తీసి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని అది తేజ రకమో, 334 రకమో, బాడిగ రకమో చెప్పేవాడు. కళ్లంలో ఆరబోసినప్పుడు తడి తగిలిందో లేదో చెప్పేవాడు. కోల్డ్ స్టోరేజీలో వుండి వచ్చిన కాయకూ, కళ్లంనుంచి నేరుగా వచ్చిన కాయకూ తేడా చెప్పేవాడు. మా అమ్మ తాలుకాయలు ఏరడానికి కూలికి వెళ్లేది. యజమాని కళ్లజోడు సవరించుకునేలోపల ఆమె వేళ్లు తాలును పక్కకు తోసేవి. వ్యాపారులు ధర కట్టేది ఆ ముక్కుమీదా, ఆ వేళ్లమీదా ఆధారపడే. మా పల్నాటిలో లక్షల రూపాయల సరుకు కూలివాళ్ల ఇంద్రియజ్ఞానం మీదుగా నడుస్తుంది.

కల్లు విషయంలోనూ నాన్న అట్లాగే మాట్లాడేవాడు. తాటికల్లు వేరు, ఈతకల్లు వేరు. పోతుతాటి కల్లుది ఒక రుచి, పండుతాటి కల్లుది మరొక రుచి. తెల్లవారుజామున దించిన ముంతలో వున్న తీపి ఎండెక్కేసరికి పులుపులోకి తిరుగుతుంది. ఏ చెట్టుదో, ఏ పూట దించిందో చెప్పగల ముసలివాళ్లు మా పేటలో నలుగురైదుగురుండేవాళ్లు. వాళ్లకు వైన్ కళాశాలలు పట్టాలివ్వలేదు గాని, మా మిత్రుని బల్లదగ్గర మేము చేసిన పని వాళ్లు తాటిచెట్టు కింద ఎన్నడో చేశారు.

అయితే నా చిన్నతనంలో నాన్న సాయంత్రంపూట తాగింది కల్లు కాదు, దుకాణం క్వార్టరు. ఎట్లా తాగేవాడో నాకు బాగా జ్ఞాపకం. మూత తిప్పి, గ్లాసులో వంచి, నీళ్లు కలిపి, ఎడమచేత్తో ముక్కు మూసుకుని, ఒక్క గుక్కలో పోసుకునేవాడు. వెంటనే పచ్చడి నాలుకకు రాసుకునేవాడు.

పగలంతా ముక్కుతో మిరపకాయ జాతి చెప్పిన మనిషి, సాయంత్రం ఆ ముక్కును తన వేళ్లతోనే మూసుకునేవాడు. నాలుక లేనివాడికి నాలుకను కాపాడుకునే అవసరం రాదు. రుచి తెలియనివాడు ముక్కు మూసుకోడు. ఆ ద్రవం ఎంత అధమమైనదో మా ఆరుగురు రసజ్ఞులు రెండు గంటల అభ్యాసం తర్వాత కనుక్కున్నాం. మా నాన్న రోజూ సాయంత్రం ఎడమచేతి రెండువేళ్లతో ఆ విమర్శ చేసేవాడు. చేసి, తాగేవాడు. తాగక తప్పనిస్థితిలో వున్నవాడి విమర్శకు ఎవరూ విలువ కట్టరు.

3

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మనవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. ఎంతో ఉదారంగా కనిపించే ఈ సామెత వాస్తవాన్ని కప్పిపుచ్చుతుంది. జిహ్వలన్నీ ఒకే మాంసంతో తయారైనవి. వాటిముందు పెట్టే గ్లాసులే వేరు. జీతానికో రుచి అంటే నిజానికి దగ్గరగా వుంటుంది.

సాహిత్య విద్యార్థులకు ఈ వాదం కొత్తది కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో రసాన్ని వివరించడానికి వంటింటి పోలికే తెచ్చుకున్నాడు. నానావిధ వ్యంజనాలతో కలిపిన అన్నాన్ని తింటూ మంచి మనసున్నవాళ్లు రుచులను ఆస్వాదించినట్టే ప్రేక్షకులు రసాన్ని ఆస్వాదిస్తారన్నాడు. అభినవగుప్తుడు సహృదయుడెవరో చెబుతూ, కావ్యాలను పదేపదే అనుశీలించే అభ్యాసంచేత మనసు అద్దంలా నిర్మలమైనవాడన్నాడు. మన పండితులు ఈ మాటను ఎంతసేపూ మిగతావాళ్లను గడప బయట నిలబెట్టడానికి వాడారు. కాని అభినవగుప్తుని మాటలో గమనించవలసింది 'అభ్యాసం' అన్నది. రసజ్ఞత పుట్టుకతో వస్తుందని ఆయన అనలేదు, అభ్యాసంతో వస్తుందన్నాడు. అభ్యాసానికి తీరిక కావాలి, రకరకాల వస్తువులు ముందుండాలి, కొంచెం కొంచెంగా తీసుకునే నిబ్బరం కావాలి. ఈ మూడూ కూలివాడి చేతిలోంచి లాక్కుని, వాడికి రసజ్ఞత లేదనడం దొంగ నోటనుంచి వచ్చే తీర్పు.

పల్నాటివాళ్లకు ఈ తీర్పు కొత్త కాదు. శ్రీనాథుని పేర వాడుకలో వున్న చాటువులు పల్నాడు రసజ్ఞులు కాలుపెట్టదగ్గ చోటు కాదన్నాయి, ఇక్కడి జొన్నకూటిని ఈసడించాయి. రాజాస్థానాల సన్నబియ్యానికి అలవాటుపడ్డ నాలుక జొన్నకూటి దగ్గర విసుక్కుంది, అంతే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ జొన్ననే నగరాల్లో ఆరోగ్యాహారమని అందమైన పొట్లాల్లో కట్టి బియ్యానికి మించిన ధరకు అమ్ముతున్నారు. జొన్న మారలేదు, తినేవాడు మారాడు.

1895లో ఈ వూళ్లోనే జాషువా పుట్టాడు. ఈ వూళ్లోనే ఒక అవధాన సభలో పద్యాలు చదివినందుకు, ఈ కులంవాణ్ని సభలోకి ఎందుకు రానిచ్చారని ఆయనను అవమానించారు. పద్యం బాగా లేదని వాళ్లనలేదు. పద్యం బాగుందో లేదో చూడవలసిన అవసరమే వాళ్లకు కనిపించలేదు. చేతిలో వున్న గ్లాసును బట్టి నాలుకను నిర్ణయించినట్టే, కులాన్ని బట్టి కవిత్వాన్ని నిర్ణయించారు. మిత్రుని యింట్లో నేను నవ్విన నవ్వు ఆ సభలో నవ్విన నవ్వుకు వారసురాలు.

4

ఇక మేము అంత భక్తితో వాసన చూసిన నాలుగు గ్లాసుల పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

ఐలా మాల్టులోని పొగవాసన దొరల పరిమళమని మా వ్యాపారి మిత్రుడు అనుకుంటున్నాడు. అది పేదల పొయ్యి వాసన. ఆ దీవిలో చెట్లు తక్కువ. బురదనేలల్లో వేల ఏళ్లుగా కుళ్లి గట్టిపడిన గడ్డిపొరలను పారలతో కోసి, ఎండబెట్టి, వంటచెరకుగా వాడుకున్నారు. దాన్నే పీట్ అంటారు. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టడానికి కూడా అదే మంట. కర్రకు గతిలేని రైతుల ఇబ్బంది ఈనాడు వేల రూపాయల సీసాలో గొప్ప గుణమై కూర్చుంది. షెర్రీ పీపాల సంగతీ అంతే. స్పెయిన్‌నుంచి షెర్రీ మోసుకొచ్చి ఖాళీ అయిన పీపాలను పారెయ్యకుండా వాడుకున్న పొదుపులోనుంచి ఆ రుచి పుట్టింది.

స్కాట్లండు కొండల్లో రైతులు సొంత బట్టీలు పెట్టుకుని ధాన్యం కాచుకున్నారు. పన్నులవాళ్లు ఆ బట్టీలను వేటాడారు. 1823 ఎక్సయిజు చట్టం లైసెన్సు పద్ధతిని సులువుచేసి, పెట్టుబడి వున్నవాళ్లకు దారి తెరిచింది. దొంగబట్టీ రైతు క్రమంగా మాయమైనాడు. ఆ దేశపు రైతుకవి రాబర్ట్ బర్న్స్ స్కాచ్ మద్యాన్ని కీర్తిస్తూ పద్యం రాశాడు. 1789నుంచి పొట్టకోసం ఎక్సయిజు శాఖలో ఉద్యోగమూ చేశాడు. కవి ఎటు పాడినా జీతం ఎటునుంచి వస్తుందో చూడాలన్న పాఠం ఇందులో మనలాంటి ఉపాధ్యాయులకు వుంది.

అమెరికాలో 1791లో విస్కీమీద వేసిన పన్నుకు వ్యతిరేకంగా పెన్సిల్వేనియా రైతులు తిరగబడితే, 1794లో వాళ్లమీదికి సైన్యం నడిచింది. టెనెసీ విస్కీకి జగత్ప్రసిద్ధమైన పేరు జాక్ డేనియల్. ఆయనకు బట్టీపని నేర్పింది నియరెస్ట్ గ్రీన్ అనే నీగ్రో బానిస. ఈ సంగతిని ఆ సంస్థ బాహాటంగా ఒప్పుకుని ప్రచారం చేసింది 2016లో. నూటయాభై ఏళ్లు సీసామీద ఒకరి పేరు, సీసాలో మరొకరి విద్య.

బెంగుళూరు మాల్టు చరిత్ర మరోవిధంగా ఆలోచింపజేస్తుంది. అమృత్ అనే ఆ మాల్టును 2004లో మొదట గ్లాస్గోలో అమ్మకానికి పెట్టారు. తన గడ్డమీద పండిన బార్లీతో తన పనివాళ్లు చేసిన సరుకును భారతదేశం స్కాట్లండు నడిబొడ్డున నిలబెట్టింది. చలిదేశంలో పీపానుంచి ఏటా రెండుశాతం ఆవిరైతే, మన ఎండల్లో పదిశాతం దాటి ఆవిరవుతుంది. దాన్ని వాళ్లు దేవదూతల వాటా అంటారు. మన దగ్గర దేవదూతల వాటాకంటె ఎక్సయిజు శాఖ వాటా పెద్దది. సరే, మన మట్టికీ మన చేతులకూ మంచి సరుకు చేసే శక్తి వుందని ఆ గ్లాసు రుజువు చేస్తుంది. అయితే ఆ సరుకు మన కూలివాడి గ్లాసుదాకా ఎందుకు రాదు?

5

ఇక్కడ ఐదో గ్లాసు దగ్గరికి వస్తాం.

స్కాచ్ అనిపించుకోవాలంటే ధాన్యంనుంచి తీసి, స్కాట్లండులో ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు నిలవవుంచాలని చట్టం. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యేదానిలో అధికభాగానికి ఈ గొడవ లేదు. పంచదార మిల్లుల్లో మిగిలిన మొలాసిస్ మడ్డినుంచో, నూకలనుంచో పెద్దపెద్ద స్తంభాల యంత్రాల్లో వాసనా రుచీ లేని స్పిరిటు తీస్తారు. దానికి నీళ్లు, మాడ్చిన పంచదార రంగు, సుగంధం కలుపుతారు. కాస్త ఖరీదైనవాటిలో కొంచెం మాల్టు చేరుస్తారు. నూటికి 42.8 పాళ్ల ఆల్కహాలు తూకం సరిచూసి సీసాకెత్తుతారు. మడ్డి స్పిరిటుతో చేసినదాన్ని యూరపు దేశాలు విస్కీ అనే పేరుతో అమ్మనివ్వవు. అక్కడ పేరుకు పనికిరానిది ఇక్కడ పేరుతోసహా అమ్ముడవుతుంది.

ఈ ప్రశ్న ఇంగ్లండులో నూరేళ్లకు పూర్వమే వచ్చింది. ఎనియాస్ కాఫీ 1830లో పేటెంటు పొందిన స్తంభ యంత్రంతో తీసిన చవక స్పిరిటును విస్కీ పేర అమ్ముతున్నారని 1905లో లండన్‌లోని ఇస్లింగ్టన్ పురపాలక సంఘం దుకాణదారులను కోర్టుకీడ్చింది. అసలు విస్కీ అంటే ఏమిటో తేల్చడానికి 1908లో రాయల్ కమిషన్ వేయవలసి వచ్చింది. కమిషన్ చివరకు కంపెనీల పక్షానే మొగ్గి, ధాన్యంనుంచి తీసినదైతే అదీ విస్కీయేనంది. అయినా ఒక పురపాలక సంఘం తన పౌరుడి గ్లాసులో ఏముందని ప్రశ్న వెయ్యగలిగింది. మా వినుకొండా పురపాలక సంఘమే. నీళ్లపన్ను వసూలుచేసే ఈ సంఘాలు క్వార్టరు సీసాలో ఏముందని ఎన్నడైనా అడిగాయా?

ఎందుకడుగుతాయి? తెల్లవాడు నేర్పిన విద్య ఇది. గిరిజనుడు తన యింటికోసం గీసుకునే కల్లును నిషేధించి, గుత్తేదారుకు అప్పగించి పన్ను పిండినందుకు 1879లో రంప తిరగబడింది. దొర పోయాడు, గుత్త మిగిలింది. 1980లలో ప్రభుత్వమే వారుణివాహిని పేర సారా పంచింది. 2019 అక్టోబరులో దుకాణాలను ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంటే, తాగేవాడు ఎన్నడూ పేరు వినని సీసాలు అరలనిండా వచ్చాయి. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలను మళ్లీ ప్రైవేటువాళ్లకు ఇచ్చి, 99 రూపాయలకు క్వార్టరు అందిస్తామన్నారు. పార్టీలు మారాయి, దుకాణం మీద బోర్డు మారింది. సీసాలోని స్పిరిటు ఎక్కడిది, ఎంతకాలం నిలవవుంది, రంగు ఎక్కడినుంచి వచ్చిందని కూలివాడు అడిగితే జవాబు చెప్పవలసిన నాథుడు ఏ ప్రభుత్వంలోనూ లేడు. 99 రూపాయలన్నది ధర మాత్రమే. దాన్ని ఎన్నిక అనడానికి వీల్లేదు, పక్కన పోల్చుకోవడానికి రెండో గ్లాసు లేనప్పుడు.

మరొకవైపు 2025 జులైలో బ్రిటనుతో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో స్కాచ్‌మీద 150 శాతం సుంకాన్ని మొదట 75కు, పదేళ్లలో 40కి తగ్గించడానికి మన ప్రభుత్వం ఒప్పుకుంది. మా మిత్రుని బల్లమీద ఇంకో రెండు సీసాలు చేరతాయి. మంచిదే. ఐదో గ్లాసును బాగుచెయ్యడానికి మాత్రం ఏ దేశంతోనూ ఒప్పందం కుదరలేదు.

6

ఇంతవరకూ చదివి కొందరు అభ్యుదయ మిత్రులు చిరాకుపడివుంటారు. తాగుడు ఇళ్లు కూల్చుతుంటే, కూలివాడికి మంచి విస్కీ కావాలని వాదించడమేమిటని వాళ్లడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పకుండా తప్పించుకోను.

మద్యం ఏం చేస్తుందో నాకు పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన పని లేదు. మా నాన్న యాభై దాటకుండానే కాలేయం పాడై పోయాడు. ఏ మోతాదులో తాగినా ప్రమాదం లేదని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. మాల్టు తాగినవాడి కాలేయానికీ మినహాయింపు లేదు. నేను మద్యానికి న్యాయవాదిని కాను. ఒక మనిషికి నాలుక లేదనడానికి మాత్రం నేను ఒప్పుకోను.

నిషేధవాది, వ్యాపారి పైకి శత్రువుల్లా కనిపిస్తారు. కూలివాడి విషయంలో ఇద్దరి అభిప్రాయమూ ఒకటే. వాడికి వివేకం లేదు గనక ఏదైనా అమ్మవచ్చునని ఒకడు, వాడికి వివేకం లేదు గనక ఏదీ దొరకనివ్వకూడదని మరొకడు. ఆంధ్రరాష్ట్రపు తొలి మంత్రివర్గం 1954 నవంబరులో మద్యనిషేధ వివాదం మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఈ రాకపోకల్లో లెక్కకు వచ్చింది ఖజానా, ఎన్నికలు. తాగేవాడు ఏమనుకుంటున్నాడో, వాడి భార్య ఏమనుకుంటున్నదో అడిగినవాళ్లు తక్కువ.

వాడి భార్య ఏమనుకుందో దూబగుంట చెప్పింది. నెల్లూరు జిల్లాలో 1992లో సారాదుకాణాలు మూయించిన ఆడవాళ్లు ఏ నీతిబోధా విని బయలుదేరలేదు. అక్షరాస్యతా తరగతుల్లో కూర్చుని, తమ బతుకులోని సంగతులను పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. కూలి ఎంత, అందులో ఇంటికి వచ్చిందెంత? ఊళ్లోకి సారా ఎట్లా వస్తున్నది, బియ్యం ఎందుకు రావడం లేదు? ఈ పోలిక చెయ్యగలిగిననాడు వాళ్లు లేచారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా బందయింది. దూబగుంట రోసమ్మ పేరు చరిత్రకెక్కింది. మిత్రుని బల్లదగ్గర మేము నాలుగు గ్లాసులు పోల్చినప్పుడు చేసింది, దూబగుంటలో ఆడవాళ్లు కూలినీ సారానూ పోల్చినప్పుడు చేసింది ఒకే రకమైన పని అంటే కొందరికి అపచారంగా తోచవచ్చు. నాకట్లా తోచదు. రెండూ విమర్శలే. తేడా ఏమిటంటే మా విమర్శ బల్లదగ్గర ఆగిపోయింది, వాళ్లది దుకాణందాకా నడిచింది.

పోల్చే వీలు పూర్తిగా మూసేస్తే ఏమవుతుందో మేము దగ్గరనుంచి చూశాం. వినుకొండకు అవతల, అదే రైలుదారిలో కురిచేడు వుంది. 2020 జులై చివర, కరోనా కట్టడిలో మద్యం దుకాణాలు మూసినప్పుడు, ఆ వూళ్లో చేతులు శుభ్రం చేసుకునే శానిటైజరు తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. వాళ్లలో బిచ్చమెత్తుకునేవాళ్లున్నారు, బరువులు మోసేవాళ్లున్నారు. అప్పుడు కూడా నాగరికులు ఇదే మాటన్నారు: వాళ్లకు నాలుకేం వుంటుందండీ? ఆ శానిటైజరు రుచి వాళ్లకు తెలియలేదనుకోవడం ఎంత దుర్మార్గం! తెలిసే మింగారు. ఏళ్ల తరబడి ముక్కు మూసుకుని మింగడం నేర్పిన తర్వాత, ముక్కు మూసుకున్నవాడికి ఏది స్పిరిటో ఏది విషమో చెప్పేదెవరు? ప్రమాదాన్ని ముందు పసిగట్టడానికి ప్రకృతి మనిషికి ముక్కూ నాలుకా ఇచ్చింది. వాటిని మూసుకుంటే తప్ప మింగలేని సరుకును కూలివాడికి అలవాటు చేసినవాళ్లు కురిచేడు చావుల్లో పాలుపంచుకున్నవాళ్లే.

7

కనక నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. విస్కీ అని పేరుపెట్టిన ప్రతి సీసామీదా అందులోని స్పిరిటు మడ్డిదా, ధాన్యానిదా, మాల్టుదా అన్నది, ఎంతకాలం పీపాలో వుందన్నది, రంగు పీపాది కాక కలిపిందైతే ఆ సంగతి, చదవగలిగినంత పెద్ద తెలుగు అక్షరాల్లో వుండాలి. పరీక్షల ఫలితాలు దుకాణం గోడమీద అంటించాలి. కల్లుగీతను గుత్తేదారుల పట్టునుంచి విడిపించి, గీసేవాడికీ తాగేవాడికీ మధ్య వున్న పాత సంబంధాన్ని నిలపాలి. అన్నిటికీ మించి, ఎనిమిది గంటల పని, బతకదగిన కూలి. ఒళ్లునొప్పి మరచిపోవడానికి తాగేవాడు గుక్క తిప్పుకోకుండా తాగుతాడు. నొప్పి లేనివాడే చుక్కను నాలుకమీద నిలపగలడు. నిలిపి, రుచి చూసి, అక్కర్లేదని గ్లాసు పక్కన పెట్టగలిగేవాడూ వాడే. రుచి తెలుసుకునే హక్కులోనే కాదనే హక్కు కూడా వుంది.

మా మిత్రునిమీద నాకు కోపం లేదు. ఆయన ఇంట్లో నేను ఒక విద్య నేర్చుకున్నాను. మళ్లీ పిలిస్తే వెళతాను. అయితే రెండు షరతులు పెడతాను. ఆయన భార్య మాతోపాటు బల్లదగ్గర కూర్చోవాలి, ఆమె గ్లాసు ముట్టుకున్నా సరే, ముట్టుకోకపోయినా సరే. ఐదో గ్లాసును వెక్కిరింతకోసం ఆఖరున తేకుండా మొట్టమొదట పెట్టాలి. అది ఎందుకట్లా వుందో మాట్లాడుకున్న తర్వాతే మిగతా నాలుగు. వరస తప్పవచ్చు, మా నాలుకలు మొద్దుబారవచ్చు. ఫరవాలేదు. మా నాన్న నాలుక ముప్పయ్యేళ్లు ఆ గ్లాసుతోనే గడిపింది.